పాత అంబాసిడర్ వెనక కమాన్లు, 7వ పాఠం: బిగించడానికి ఒక వేళ ఉంది

ఈ వారం షాకబ్జర్లు మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. ఆరో పాఠం చివర్లో ‘కొత్త రబ్బరు బుష్‌లు ఎక్కించి, షాకిల్ నట్లు గట్టిగా బిగించండి’ అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను. (కొత్తవాళ్లకు: కమాన్ అంటే వెనక బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట. దాని వెనక చివరను బాడీకి తగిలించే ఊగే లంకె షాకిల్. ఆ కీళ్లలో కూర్చునే మెత్త బుష్.) అది చదివి పనిలోకి దిగినవాళ్ల ఫోన్లు పది రోజులుగా వస్తూనే ఉన్నాయి. ఎప్పుడు బిగించాలో నేను చెప్పలేదు. తెలిసిన విషయమే కదా అనుకున్నాను. తప్పు నాదే.

మొదట గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన. కమాన్లు ఎక్కించాక బండి వెనక భాగం రెండు వేళ్ల ఎత్తు పెరిగిందట. ‘కొత్త బలం వచ్చింది మాస్టారూ’ అని సంతోషంగా చెప్పారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రెండు వారాలకు మళ్లీ ఫోన్. ఈసారి సంతోషం లేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక నుంచి కిర్రుమంటోందట, షాకిల్ దగ్గర నల్లటి రబ్బరు పొట్టు రాలుతోందట. తెనాలి నుంచి ఫోన్ చేసినాయనదీ ఇదే కథ. కాకపోతే శబ్దం రాగానే ఆయన గ్రీజు కూడా పూశారు. దాని సంగతి కింద చెబుతాను.

ఇక మూడో బండి మాదే. మా నలుగురం కలిసి విజయవాడ పటమటలో ఒక మేడ కింద ఏడాదిగా కట్టుకుంటున్న 1976 మార్క్ 3. ఆ ఆదివారం నేను పెళ్లికి వెళ్లాను. మిగిలిన ముగ్గురూ నేను రాసిన వాక్యం ముందు పెట్టుకుని, నా కంటే శ్రద్ధగా బిగించేశారు. వాళ్లలో ఒకాయన మా బావగారు. ఆటోనగర్‌లో లారీ కమాన్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన చెయ్యి. పైపు తగిలించి బిగించారంటే ఇక ఆ నట్టు కదలదు. నెల తిరక్కుండా ఉండవల్లి వైపు కరకట్ట మీద బండి వెనక దడదడలాడింది. ఇంటికొచ్చి విప్పితే, ఎడమ వైపు పై బుష్ మామిడి టెంక మీది పీచులా చిరిగి ఉంది.

‘నేను బిగించినవి లక్ష కిలోమీటర్లు తిరిగాయి బావా, ఇదేం రబ్బరు?’ అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. తిరిగింది లారీ మీద, అంతే తేడా.

ఆ తేడా దగ్గరే మనందరం బోల్తా పడ్డాం. లారీ కమాన్‌లో పిన్ను ఉంటుంది, దాని చుట్టూ లోహపు బుష్, గ్రీజు కొట్టడానికి నిపిల్. కమాన్ పైకీ కిందికీ ఊగినప్పుడు పిన్ను మీద బుష్ తిరుగుతుంది. తిరిగే కీలుకు సున్నా స్థానం అంటూ లేదు. తలుపు మూసి ఉండగా బందు బిగించినా, తెరిచి ఉండగా బిగించినా తలుపుకు ఒకటే. అందుకే లారీ షెడ్డులో చక్రం గాలిలో వేలాడుతుండగానే అన్నీ బిగించేస్తారు, ఏ నష్టమూ రాదు.

అంబాసిడర్ షాకిల్‌లో ఏదీ తిరగదు. మెయిన్ పట్టీ చివర చుట్టిన రింగులో రెండు రబ్బరు ముక్కలు అటొకటి, ఇటొకటి కూర్చుంటాయి. నట్టు బిగిస్తే పక్క ప్లేట్లు ఆ రబ్బరును నొక్కుతాయి. నొక్కాక రబ్బరు బయటి వైపు రింగును పట్టుకుంటుంది, లోపలి వైపు పిన్నునూ ప్లేటునూ పట్టుకుంటుంది. ఇక రెండు వైపులా జారడం లేదు. కమాన్ ఊగినప్పుడు నలిగేది, మెలి తిరిగేది రబ్బరే. బరువు దిగిపోగానే మెలిక విప్పుకుని మళ్లీ మొదటి స్థానానికి వస్తుంది. ఆ మొదటి స్థానం ఏదంటే, మీరు నట్టు బిగించిన క్షణంలో కమాన్ ఎలా ఉందో అదే.

ఇప్పుడు బండిని జాకీ మీద పెట్టి, ఇరుసు కిందికి వేలాడుతుండగా బిగించారనుకోండి. రబ్బరు అదే తన ఇల్లు అనుకుంటుంది. బండిని నేల మీదికి దించగానే కమాన్ చదునవుతుంది, రింగు తిరుగుతుంది, రబ్బరు మెలిపడుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిక పోదు. రాత్రంతా పిండిన తువ్వాలులా అలాగే ఉంటుంది. గుంత వచ్చినప్పుడు అదే దిశలో ఇంకా మెలిపడుతుంది. మామూలుగా అటు కాస్త, ఇటు కాస్త పంచుకోవాల్సిన పని అంతా ఒక్క వైపే పడుతుంది. మెలిపడ్డ రబ్బరు కమాన్‌ను వెనక్కి తోస్తూ ఉంటుంది కాబట్టే వెనక రెండు వేళ్లు లేచింది. బ్రాడీపేటలో కనిపించిన ‘కొత్త బలం’ ఇదే. రబ్బరు చిరిగిపోయాక ఆ రెండు వేళ్లూ దిగిపోయాయి.

నమ్మకం కుదరకపోతే చాక్‌పీసు తీసుకోండి. బండి వేలాడుతుండగా షాకిల్ ప్లేటు మీంచి కమాన్ రింగు మీదికి అడ్డంగా ఒకే గీత గీయండి. నట్లు వదులుగానే ఉండాలి. బండిని దించి మళ్లీ చూడండి. గీత రెండు ముక్కలై, ఒకటి ఇటు, ఒకటి అటు పోతుంది. మధ్యలో కనిపించే ఆ ఎడమే మీరు రబ్బరు మీద మోపబోయిన మెలిక. మా బావగారు ఒప్పుకున్నది నా మాటలకు కాదు, ఈ గీతకే.

కాబట్టి పద్ధతి ఇది. బోల్టులన్నీ ఎక్కించండి, నట్లను చేతితో తిప్పగలిగినంత వరకే తిప్పి వదిలేయండి. కమాన్ ముందు వైపు బోల్టుకూ ఇదే నియమం, అక్కడా రబ్బరే ఉంది. చక్రాలు వేసి బండిని పూర్తిగా నేల మీదికి దించండి. దించగానే బిగించకండి. టైర్లు నేలను పట్టుకుని ఉంటాయి కాబట్టి కమాన్ ఇంకా పూర్తిగా సర్దుకోదు. బండిని పది అడుగులు ముందుకూ వెనక్కూ తోయండి, డిక్కీ మీద చేతులేసి నాలుగుసార్లు గట్టిగా ఊపండి. స్టెప్నీ డిక్కీలో ఉండాలి, ట్యాంకులో సగం పెట్రోలు ఉంటే మంచిది. కొందరు వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి బిగిస్తారు. నేను పెట్టను. మన బండ్లు ఎక్కువ భాగం ఖాళీగానే తిరుగుతాయి.

కిందికి దూరడానికి చోటు లేదంటారు. ఆటోనగర్‌లో గుంత ఉన్న షెడ్డుకు మెల్లగా తోలుకెళ్లి బిగించుకోవడం నాకు ఇష్టమైన దారి. పటమట నుంచి ఎంతో దూరం లేదు కాబట్టి నేను అలా చెబుతున్నానని మావాళ్లు అంటారు, నిజమే. ఇంట్లోనే చేయాలంటే స్టాండ్లను బాడీ కింద కాకుండా ఇరుసు గొట్టాల కింద పెట్టండి, రెండు వైపులా కమాన్‌కు వీలైనంత దగ్గరగా. అప్పుడు బాడీ బరువంతా కమాన్ల మీదే ఉంటుంది, చక్రాల మీద నిలబడ్డట్టే లెక్క. స్టాండ్లు బాడీ కింద ఉంచి, జాకీతో ఇరుసును లేపుతూ పాత కొలత వచ్చాక బిగించేవాళ్లూ ఉన్నారు. నాకు నచ్చదు. ఆ కొలత వచ్చేసరికి బండి స్టాండ్ల మీంచి లేచి జాకీ మీద ఊగుతుంటుంది, దాని కింద మీరుంటారు. పైగా పట్టీలు కొట్టించాక, అంటే వాటికి మళ్లీ వంపు తెప్పించాక, పాత ఎత్తు కొలత పనికిరాదు.

జాకీ మాట వచ్చింది కాబట్టి మా ఇంకో ఘనకార్యం. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్, అంటే అడుగు చట్రం, లేదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి ఇది, బాడీ, కింది బాక్సులు అన్నీ ఒకటే అతుకు. మా గుంపులో లెక్చరర్‌గారు ఆ బాక్సును ఛాసిస్ అనుకుని జాకీ పెట్టారు. పైన రంగు మెరుస్తోంది, లోపల తుప్పు. జాకీ తల అప్పడంలోంచి వేలు దూరినట్టు దూరిపోయింది. రెండు వారాలు వెల్డింగ్. స్టాండు పెట్టే ముందు సుత్తి పిడితో తట్టండి. టంగుమంటే పర్వాలేదు, డొబ్బుమంటే అక్కడ పెట్టొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టినట్టు నాకు తెలిస్తే ఇక మీ ఫోన్ ఎత్తను. ఇంకొకటి, హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం లేపాక అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ముందు చక్రాలు దొర్లకుండా చెక్క ఓటాలు అడ్డం పెట్టాలి.

తెనాలి వారి గ్రీజు. శబ్దం వచ్చే చోట నూనె పోయడం మన రక్తంలో ఉంది. లోహం మీద లోహం తిరిగే చోట అది వైద్యం. రబ్బరుకు మాత్రం రోగం. గ్రీజు, డీజిలు, పాత ఇంజన్ ఆయిలు, ఏదైనా సరే, రబ్బరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. జారకూడని చోట జారుతుంది కూడా. ఎక్కించేటప్పుడు బిగుతుగా ఉంటే సబ్బు నీళ్లు చాలు, ఆరిపోతాయి. తుప్పు బోల్టులు విప్పడానికి డీజిలు వాడుకోండి, నేనూ వాడతాను. కొత్త రబ్బరు ఎక్కించే ముందు శుభ్రంగా తుడవండి.

మంగళగిరి నుంచి వచ్చిన ఫోను వేరే రకం. కమాన్లు వేశాక బండి ఎండ్రకాయలా పక్కకు నడుస్తోందని, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే రోడ్డు మార్జిన్‌లోకి పోతోందని. ఇది బుష్ కాదు, సెంటర్ బోల్టు. పట్టీలన్నిటినీ కలిపే ఆ బోల్టు తల, ఇరుసు మీది దిమ్మెలో ఉన్న రంధ్రంలో కూర్చోవాలి. కూర్చోకుండానే, కమాన్‌ను ఇరుసుకు కట్టే యు బోల్టులు బిగిస్తే ఇరుసు ఒక పక్క ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, ఒక్కో వైపు ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపు పట్టండి. అంబాసిడర్ లెక్క 97 అంగుళాలు, అంటే 2464 మిల్లీమీటర్లు. అంకె కాస్త అటూ ఇటూ అయినా కంగారు పడకండి, రెండు వైపులా ఒకటిగా ఉందా లేదా అన్నదే చూడాలి. ఆయనకు కుడివైపు పన్నెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. యు బోల్టులు వదులు చేసి, బోల్టు తల రంధ్రంలో పడ్డాక మళ్లీ బిగించుకున్నారు. యు బోల్టులు కొత్తవే వేయండి, నట్లు ఒకేసారి కాకుండా అటొకటి ఇటొకటిగా బిగించండి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా పెట్టి చూడండి.

పట్టీలు కొట్టించడం గురించి చాలామంది అడిగారు. రెండు కట్టలూ ఒకే రోజు, ఒకే మేస్త్రితో కొట్టించండి. అదనపు పట్టీ వేస్తానంటే వద్దనండి. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

అభ్యాసం. మీరు విప్పిన పాత బుష్‌లు పారేయలేదు కదా? వాటిలో కాస్త బాగున్న జత తీసుకోండి. ఒక గొట్టం ముక్క, దానికి సరిపడే బోల్టు, రెండు పెద్ద వాషర్లతో షాకిల్ లాంటిది తయారుచేసి వైస్‌లో బిగించండి. గొట్టానికి మూరెడు ఇనుప పట్టీ రబ్బరు ఎక్కించక ముందే వెల్డ్ చేయించండి. చాక్‌పీసు గీత గీసి, పట్టీని గడియారంలో నిమిషాల ముల్లు అయిదు నిమిషాల్లో జరిగినంత తిప్పి, తాడుతో కట్టేసి వారం రోజులు వదిలేయండి. ఎనిమిదో రోజు తాడు కోసి, గీత ఎంత వెనక్కి వచ్చిందో మిల్లీమీటర్లలో కొలవండి. తర్వాత అదే బుష్‌ను మెలిక లేకుండా బిగించి, రోజుకు వందసార్లు అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపుతూ మరో వారం. ఇది అయ్యేదాకా బండి మీద పానా పెట్టొద్దు. వేలాడుతుండగా బిగించేసినవాళ్లు మాత్రం ఈ రాత్రికే నట్లు వదులు చేసి, బండిని దించి, ఊపి, మళ్లీ బిగించుకోండి. బుష్ ఇంకా చిరగకపోతే మిగులుతుంది.

రెండు వారాల కొలతలూ కాగితం మీద రాసి పెట్టుకోండి. షాకబ్జర్ల పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.