ఫ్యాను దగ్గర జింకు దిమ్మ సగం అరిగిందా? మార్చేయండి

ఒడిశా తీరంలో గోపాలపూర్, ఆర్జిపల్లి వైపు ఔట్‌బోర్డు ఇంజన్లు (పడవ వెనక బయట తగిలించేవి) నడిపే మన అన్నదమ్ములకు ఓ మాట. నీళ్ళలో తిరిగే ఫ్యాను పైన పలక కింద బిగించి ఉండే బూడిదరంగు జింకు దిమ్మను తేలిగ్గా తీసుకోకండి. ఉప్పునీటి తుప్పు ముందు దాన్నే తింటుంది కాబట్టి నీళ్ళలో మునిగి ఉండే ఇంజను కాలు, ఫ్యాను షాఫ్టు మిగులుతాయి. సగం అరిగిందంటే కొత్తది వేయాల్సిందే. పూర్తిగా కరిగేదాకా ఆగితే తుప్పు ఇంజను మీద పడుతుంది, ఆ ఖర్చు చేపల వేటలో ఎక్కడ తేలుతుంది?

అసలు పని బిగించే చోట ఉంది. పాతది విప్పాక కింద తెల్లటి పొడి, ఉప్పు పొర కనిపిస్తాయి. లోహం తళతళలాడేదాకా వైరు బ్రష్షుతో గీకండి. దిమ్మకు, లోహానికి మధ్య రంగు గానీ గ్రీజు గానీ ఉండకూడదు. బోటుకు రంగు వేసే కుర్రాళ్ళు దిమ్మ మీద కూడా పూసేస్తారు, దగ్గరుండి ఆపండి. రంగు పడితే అది పనిచేయదు. ఎన్నాళ్ళైనా కొత్తదానిలాగే ఉంటే సంతోషించకండి, లోహానికి సరిగా ఆనలేదేమో విప్పి చూడండి.

రంభ వైపు చిలికా సరస్సులో బోటు తిప్పేవాళ్ళకు అల్యూమినియం దిమ్మ మేలు. ఉప్పు తక్కువైన నీళ్ళలో జింకు మీద పొర కట్టి పని ఆగిపోతుంది. మెగ్నీషియంది మంచినీళ్ళకే, సముద్రంలో ఇట్టే కరిగిపోతుంది.