దసరా ఫ్రీజ్‌కు ముందు టెరాఫామ్ కోడ్ సర్దుతున్నారా?

చేంజ్ ఫ్రీజ్ (పండగ రోజుల్లో ప్రొడక్షన్‌లో మార్పులు ఆపేయడం) పడేలోపు పాత టెరాఫామ్ కోడ్‌ను, అంటే క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేసులు కట్టించే కోడ్‌ను, మాడ్యూళ్లుగా విడగొట్టేద్దామని మాదాపూర్, గచ్చిబౌలి టీముల్లో ఏటా దసరా ముందు ఒక హడావుడి. చేయండి, తప్పు లేదు. కాకపోతే మాడ్యూల్‌లోకి మారిస్తే రిసోర్సు అడ్రస్ (కోడ్‌లో దాని పూర్తి పేరు) మారుతుంది, అడ్రస్ మారిన రిసోర్సు టెరాఫామ్ దృష్టిలో కొత్తది. పాతదాన్ని తీసేసి ఇంకోటి కడతానంటుంది. ఆ పాతది డేటాబేస్ అయితే పండగ అయిపోయినట్టే.

1.1 వెర్షన్ నుంచి ఇందుకే మూవ్డ్ బ్లాక్ ఉంది. పాత అడ్రస్, కొత్త అడ్రస్ రాస్తే స్టేట్‌లో (టెరాఫామ్ తాను కట్టినవాటిని రాసుకునే చిట్టాలో) పేరు మారుతుంది, క్లౌడ్‌లో ఉన్నది కదలదు. రాశాం కదా అని ధీమా వద్దు. ఉత్త సర్దుబాటే అయితే ప్లాన్ (అప్లై చేసేముందు టెరాఫామ్ చూపే మార్పుల జాబితా) చివర యాడ్, చేంజ్, డెస్ట్రాయ్ మూడూ 0 ఉండాలి. అందుకే ప్రొవైడర్ (క్లౌడ్‌తో మాట్లాడే ప్లగిన్) అప్‌గ్రేడ్‌ను ఇందులో కలపకండి, ఏ మార్పు దేనివల్లో తేలదు.

ఎక్కువమంది దెబ్బతినేది కౌంట్ (0, 1, 2 అంకెలతో గుర్తించేది) నుంచి ఫర్ ఈచ్‌కి (పేర్లతో గుర్తించేది) మారేటప్పుడు. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో జోన్‌కొకటి చొప్పున మూడు సబ్‌నెట్లు ఉన్నాయనుకోండి. 0 అంటే 'A' జోన్ అని రాసేస్తారు. తీరా పాత లిస్టులో మొదట ఉన్నది 'B' జోన్! మూవ్ జరిగినట్టే కనిపిస్తుంది, కిందే జోన్ లైను పక్కన 'ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్' అని ఉంటుంది. ఊహించకండి. స్టేట్ లిస్ట్ కమాండ్‌తో అడ్రసులు తీసి, స్టేట్ షో కమాండ్‌తో ఒక్కోదాని జోన్ చూసుకుని జత చేయండి.

'అన్‌రిజాల్వ్డ్' అంటూ వార్నింగ్ వస్తే కొత్త అడ్రసులో అప్పటికే ఏదో ఉందన్నమాట. చాలావరకు ఎవరో మూవ్డ్ బ్లాక్ లేకుండా ముందే అప్లై చేసి ఉంటారు. వేరే స్టేట్ ఫైల్‌లోకి మార్చాలంటే మూవ్డ్ పనికిరాదు. 1.7లో వచ్చిన రిమూవ్డ్ బ్లాక్‌లో డెస్ట్రాయ్ ఫాల్స్ పెట్టి, అవతల ఇంపోర్ట్ చేసుకోవాలి.

ప్రివెంట్ డెస్ట్రాయ్ (రిసోర్సును తీసేయకుండా కోడ్‌లో పెట్టే సెట్టింగ్) ఉందిలే అనుకోకండి. రిసోర్స్ బ్లాక్ కోడ్‌లోంచి పోతే ఆ కాపలా కూడా దాంతోపాటే పోతుంది. క్లౌడ్‌లో డేటాబేస్‌కే డిలీషన్ ప్రొటెక్షన్ పెట్టండి. స్టేట్ కాపీ ఒకటి పక్కన దాచి, ప్లాన్‌ను ఫైల్‌గా సేవ్ చేసి, దాన్నే అప్లై చేయండి.

డెవ్‌లో ఇప్పుడు, ప్రొడక్షన్‌లో ఫ్రీజ్ తర్వాత అప్లై చేసే టీములకు ఇంకోమాట: ఈలోగా ఎవరైనా 'పనైపోయింది కదా' అని మూవ్డ్ బ్లాకులు తీసేస్తే, సెలవుల నుంచి రాగానే ప్రొడక్షన్ ప్లాన్‌లో డెస్ట్రాయ్‌లు కనిపిస్తాయి. అన్ని ఎన్విరాన్‌మెంట్లలో అప్లై అయ్యేదాకా వాటిని ముట్టుకోవద్దని కోడ్‌లోనే కామెంట్ రాయండి.