ఇల్లు లేనివాళ్ల కోసం చర్చిలో వాలంటీర్‌గా వెళ్తున్నారా? ముందుగా కొన్ని మాటలు

కొత్త దేశానికి వచ్చి కాస్త కుదురుకున్నాక చాలామందికి అనిపిస్తుంది, ఇక్కడి మనుషులకు నా చేతనైనంత ఏదైనా చేయాలని. అలాంటప్పుడు దగ్గర్లోని చర్చిని అడగడం తేలికైన దారి. విలియం బూత్, కేథరిన్ బూత్ దంపతులు 1865లో లండన్ తూర్పు ప్రాంతంలో పేదల మధ్య మొదలుపెట్టిన పనే తర్వాత సాల్వేషన్ ఆర్మీ అనే పెద్ద క్రైస్తవ సేవా సంస్థ అయింది. అంత పెద్ద సంస్థే అక్కర్లేదు. చలికాలంలో హాల్లో పరుపులు వేసి రాత్రికి చోటిచ్చే చిన్న చర్చిలు, వారానికోసారి వేడి భోజనం పెట్టేవి చాలా ఉన్నాయి. చాలాచోట్ల మీ మతం ఏమిటని అడగరు. ప్రార్థనలో కూర్చోవాలా వద్దా అన్న సందేహం ఉంటే ఫోన్‌లోనే అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వెళ్లే ముందు వీసా సంగతి చూసుకోండి. జీతం లేదు కదా, ఏ పనైనా చేయొచ్చు అనుకోవద్దు. అమెరికాలో మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేసినా చిక్కు రావచ్చు. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకైతే వాలంటీరింగ్ వేరు, జీతం లేని ఉద్యోగం వేరు. ఆ రెండోది వారానికి ఇన్ని గంటలన్న పరిమితిలోకి వస్తుంది. అనుమానం ఉంటే యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగండి. రాత్రి షెల్టర్‌లో ఉండాలన్నా, పిల్లలతో వచ్చే కుటుంబాలను చూసుకోవాలన్నా పోలీసు రికార్డు తనిఖీ అడగొచ్చు. అది రావడానికి టైం పట్టొచ్చు కాబట్టి చలి మొదలవకముందే పేరిచ్చేయండి.

ఇక అసలు సంగతి. నా మొదటి రాత్రి నన్ను వడ్డించే చోట నిలబెట్టారు. ఒక పెద్దాయన ప్లేటు చాపగానే అన్నీ నిండుగా పెట్టేశాను. ఆయన ఏమీ అనలేదు. టేబుల్ దగ్గర కూర్చుని మెత్తగా ఉన్నవి మాత్రం ఏరుకుని, గట్టి రొట్టె ముక్కను కాగితంలో చుట్టి పక్కన పెట్టారు. తర్వాత అర్థమైంది, ఆయనకు ముందు పళ్లు లేవు. "ఇది పెట్టనా? అది కావాలా?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. రోజంతా ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో వేరేవాళ్లు చెబుతుంటే నడుచుకునే మనిషికి ఆ ఒక్క ప్రశ్న చాలా పెద్దది. అప్పటి నుంచి అడగకుండా గరిటె ఎత్తలేదు.

వచ్చినవాళ్లను చాలా చర్చిల్లో గెస్టులనే అంటారు. మీరూ అలాగే అనండి. పేరు అడిగి గుర్తుపెట్టుకోండి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని మాట్లాడండి. ఇల్లు ఎలా పోయిందని మాత్రం అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. ఫొటోలు అసలు వద్దు. ఎవరి నుంచో తప్పించుకుని వచ్చినవాళ్లు ఆ హాల్లో ఉండొచ్చు.

ఏదైనా తీసుకెళ్లాలనిపిస్తే కొత్త సాక్సులు కొనండి. పాత బట్టలు వచ్చినట్టు సాక్సులు రావు. తడిసిన సాక్సుల్లోనే రోజుల తరబడి నడిస్తే పాదాలు తెల్లగా ఉబ్బి, తిమ్మిరెక్కి, పుండ్లు పడతాయి. ఇంట్లో వండి తేవాలంటే ముందు అనుమతి తీసుకోండి, ఎందుకంటే అన్నిచోట్లా ఒప్పుకోరు. తెచ్చినవాటిని వేడివైతే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంచాలి, రెండు గంటలకు మించి బయట వదిలేయకూడదు. అందులో ఏమేం వేశారో చీటీ మీద రాసి అంటించండి.

భయం వేస్తే అది తప్పేమీ కాదు. ఎవరైనా గొంతు పెంచితే ఎదురు వాదించకుండా రెండడుగులు వెనక్కి వేసి కోఆర్డినేటర్‌ను పిలవండి. డబ్బులు అడిగితే మర్యాదగా "ఇవ్వలేనండీ" అని చెప్పండి. మీ ఇంటి అడ్రస్ ఇవ్వొద్దు. "మీకు ఉద్యోగం చూస్తాను" లాంటి మాటలు కూడా వద్దు, ఆ మాట మీద ఆశ పెట్టుకుని వారం తర్వాత మీకోసం ఎదురుచూసే మనిషి ఉంటారు.

నెలకు ఒక్క రాత్రే వీలైతే ఒక్క రాత్రికే పేరు రాయించుకోండి, కానీ ఆ రాత్రి తప్పకండి. మెలకువగా ఉండే వాలంటీర్లు ఇద్దరు లేనిదే హాలు తెరవకూడదన్న నియమం ఉన్న చోట్లు ఉన్నాయి. రాలేకపోతున్నానని ఒక రోజు ముందే మెసేజ్ పెడితే వేరేవాళ్లను వెతుక్కుంటారు. సాయంత్రం ఆరింటికి పెడితే, అప్పటికే తలుపు బయట బ్యాగులతో జనం నిలబడి ఉంటారు.