బ్లాక్ మోలీని సముద్రపు నీటి ట్యాంకుకు అలవాటు చేయడం ఎలా?

మోలీ మంచినీళ్లలోనూ ఉప్పునీళ్లలోనూ బతికే చేప. అది విని చాలామంది షాపు కవరును గంటసేపు మెరైన్ ట్యాంకులో తేలేసి చేపను వదిలేస్తారు. కవరు తేలిస్తే నీటి వేడి సమం అవుతుంది, అంతే. ఉప్పు తేడా అలాగే ఉండి చేప ప్రాణం తీయొచ్చు. గోల్డ్‌ఫిష్, టెట్రా, బార్బ్‌లకైతే అసలు ఈ ప్రయత్నమే వద్దు. మోలీల్లోనూ బెలూన్ రకం (పొట్టి ఒళ్లు, ఉబ్బిన పొట్ట ఉన్నది) కొనకండి, మామూలు ఒడ్డూపొడవూ ఉన్నదే తీసుకోండి.

చేపను ఉంచడానికి పది లీటర్లు పట్టే మూత ఉన్న తెల్ల బకెట్, ఎయిర్‌స్టోన్ (నీళ్లలోకి గాలి బుడగలు వదిలే రాయి), హీటర్, వాల్వు బిగించిన సన్నటి గొట్టం, నీటిలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే చాలు. నీళ్లు 26 డిగ్రీలు. చేపలు రెండుకు మించొద్దు.

వేరే పాత్రలో క్లోరిన్ లేని నీళ్లలో మెరైన్ సాల్ట్ కలిపి, ఒక రోజంతా పంపుతో తిప్పి 35 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు) తెచ్చుకోండి. వంటింటి కల్లుప్పు పనికిరాదు. అందులో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడే. కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు, పీహెచ్ నిలబడదు.

అసలు జాగ్రత్త ఇక్కడే. మంచినీళ్లలో చేప ఒంట్లోకి నీరు చొరబడుతూ ఉంటుంది, మూత్రపిండాలు దాన్ని తోడేస్తాయి, మొప్పలు ఉప్పును లోపలికి లాక్కుంటాయి. సముద్రపు నీళ్లలో అంతా తలకిందులు. ఒంట్లో నీరు బయటికి పోతుంది, చేప నీళ్లు తాగాలి, మొప్పలు ఉప్పును బయటికి నెట్టాలి. ఆ పనికి మొప్పల్లోని కణాలు మారడానికి వ్యవధి కావాలి. తొందరపెడితే చేప నీళ్లలో ఉంటూనే ఒళ్లెండి చస్తుంది.

అందుకే రోజుకు 7 పీపీటీ చొప్పున పెంచండి. రోజూ రెండేసి లీటర్లు మారిస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. బకెట్లో ఉప్పు పెరిగేకొద్దీ అదే రెండు లీటర్ల ప్రభావం తగ్గిపోతుంది. చేప ఉన్న బకెట్లో పది లీటర్ల మంచినీళ్లతో మొదలుపెట్టి తొలిరోజు 2 లీటర్లు తీసి అంతే ఉప్పునీరు పోస్తే 7 వస్తుంది. రెండో రోజు రెండున్నర (14), మూడో రోజు మూడుంబావు (21), నాలుగో రోజు 5 లీటర్లు (28). అయిదో రోజు 7 లీటర్లు మారిస్తే 33 దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి ట్యాంకులోకి వదలొచ్చు. ప్రతిసారీ సెకనుకు మూడు చుక్కలకు మించి పోయకండి. రోజు చివర కొలిచి చూడండి, లెక్క కంటే రిఫ్రాక్టోమీటర్ మాటే ఖరారు.

చేప రెక్కలు ముడుచుకుని ఉన్నచోటే ఒళ్లు ఊపుతుంటే పెంచడం ఆపి, అదే ఉప్పులో మరో రోజు ఉంచండి. కంగారుపడి మంచినీళ్లు గుమ్మరిస్తే రెండో దెబ్బ తగులుతుంది. బకెట్లో ఫిల్టర్ ఉండదు కాబట్టి మేత చిటికెడే వేయండి, అమ్మోనియా పెరగకూడదు.

బకెట్ నీళ్లు ట్యాంకులో పోయకండి, చేపను వలతో తీసి వదలండి. ఆ తర్వాత ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు. మోలీ గెంతుతుంది, పైన జల్లెడ మూత తప్పనిసరి.