జింక తోక వెంట్రుకలతో మిక్కీ ఫిన్ కట్టడం ఎలా?

నేను కట్టిన మొదటి బక్‌టెయిల్ ఫ్లై (చేపల్ని పట్టడానికి గాలానికి వెంట్రుకలు కట్టి చేసే ఉత్తుత్తి ఎర) చీపురుకట్టలా వచ్చింది. వెంట్రుకలు ఎంత ఎక్కువ పెడితే అంత బాగుంటుందనుకున్నాను. అసలు కిటుకు తక్కువ పెట్టడంలో ఉంది.

ఉత్తర అమెరికాలోని తెల్లతోక జింక తోక వెంట్రుకలతో కడతారు కాబట్టి దీనికి బక్‌టెయిల్ అని పేరు. నీళ్ళలో లాగుతుంటే చిన్న చేపపిల్లలా కనిపించి ట్రౌట్ చేపని రప్పిస్తుంది. మొదటిసారి కట్టేవాళ్ళకి వీటిలో మిక్కీ ఫిన్ అనే రకం మంచిది. పసుపు, ఎరుపు, పైన మళ్ళీ పసుపు, అంతే. 1930లలో జాన్ ఆల్డెన్ నైట్ అనే అమెరికన్ రచయిత దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు.

పొడవాటి కాడ ఉన్న 6 లేదా 8 నంబరు గాలం, నల్ల దారం, వెడల్పుదీ సన్నదీ రెండు రకాల వెండి టిన్సెల్, రంగు వేసిన బక్‌టెయిల్, వార్నిష్ తీసుకోండి. టిన్సెల్ అంటే మన జరీ లాంటిదే. గాలాన్ని బిగించడానికి చిన్న వైజ్, దారానికి బాబిన్ ఉండాలి.

గాలాన్ని వైజ్‌లో బిగించి, దాని కన్ను (తాడు కట్టే రంధ్రం) వెనక కాస్త ఖాళీ వదిలి దారం చుట్టడం మొదలుపెట్టండి. ఆ ఖాళీ తల కోసం. వంపు దాకా వెళ్ళి, అక్కడ సన్న టిన్సెల్ కొస కట్టి, దారాన్ని ముందుకు తీసుకురండి. చుట్లు నున్నగా ఉండాలి. ఇక్కడి గుబ్బలన్నీ పైన టిన్సెల్ మీద తేలిపోతాయి. వెడల్పు టిన్సెల్‌ని కన్ను వైపు కట్టి, వంపు దాకా చుట్టి, మళ్ళీ కన్ను వైపుకే చుట్టుకుంటూ వచ్చి ముడేయండి. దాని మీద సన్నదాన్ని ఎడం ఎడంగా ఐదు చుట్లు వేయండి.

ఇప్పుడు రెక్క, అంటే గాలం పైన కట్టే వెంట్రుకల కుచ్చు. వెంట్రుకలు తోక చివరి సగం నుంచే కత్తిరించండి. తోక మొదట్లోవి బోలుగా ఉండి, దారం బిగించగానే విచ్చుకుంటాయి. అగ్గిపుల్ల లావు పసుపు కుచ్చు తీసుకుని, కొసలు పట్టుకుని, మొదట్లో ఉన్న నూగూ పొట్టి వెంట్రుకలూ లాగేయండి. కొసలు కత్తెరతో సమానం చేయొద్దు. కాడకి ఒకటిన్నర రెట్లు పొడవు చాలు.

పూలమాల కట్టేటప్పుడు కాడల్ని రెండు వేళ్ళతో నొక్కిపెడతాం చూడండి, కుచ్చుని కూడా గాలం మీద అలాగే నొక్కి పట్టండి. ముందు రెండు వదులు చుట్లు, తర్వాతివి గట్టిగా. వేళ్ళు తొందరపడి తీశారో, కుచ్చు గిర్రున పక్కకి తిరిగిపోతుంది. మిగిలిన మొదళ్ళని ఏటవాలుగా కత్తిరించి, వార్నిష్ బొట్టు పెట్టండి. దాని మీద అంతే ఎరుపు, ఆ పైన ఈ రెండూ కలిపినంత పసుపు.

దారంతో చిన్న కోసు తల చుట్టి, విప్ ఫినిష్ ముడి (దారం కొసని దాని చుట్ల కిందకే పోనిచ్చి బిగించే ముడి) వేసి తెంపండి. తలకి వార్నిష్ రెండు పూతలు.

ఆరాక గిన్నెడు నీళ్ళలో ముంచి లాగి చూడండి. తడిసిన రెక్క సన్నబడి, మధ్యలో ఎర్రగీత విడిగా కనిపించాలి. రంగులు కలిసిపోయి ముద్దలా ఉంటే, రెక్క విప్పేసి ఈసారి సగం వెంట్రుకలతో కట్టండి.