గట్టిదనం అంకెను ఎలా చదవాలి

అనంతపురంలోని మా లేత్ షాపుకు ఒకసారి రాతి కోత యంత్రం పిన్నులు వచ్చాయి. కాగితం మీద గట్టిదనం ‘60’ అని మాత్రమే ఉంది. నమ్మి బిగించాను. వారం తిరక్కుండానే వంగిపోయాయి. నాకు కావలసింది 60 హెచ్‌ఆర్‌సి, అంటే రాక్‌వెల్ ‘సి’ స్కేలు. వచ్చినవి 60 హెచ్‌ఆర్‌బి, అంటే రాక్‌వెల్ ‘బి’ స్కేలు, బాగా మెత్తని ఇనుము. స్కేలు పేరు లేని అంకెను అప్పటినుంచి నేను ఒప్పుకోను. మీరూ ఒప్పుకోకండి.

రాక్‌వెల్ అంటే లోహంలోకి మొననో గోళీనో నొక్కి, పడిన గుంట లోతును బట్టి గట్టిదనం కొలిచే పద్ధతి. ఇందులో చివరి అక్షరమే ప్రాణం. ‘సి’ అంటే 120 డిగ్రీల వజ్రపు మొన, 150 కిలోల భారం. గట్టిపరచిన ఉక్కుకు వాడతారు. ‘బి’ అంటే చిన్న గోళీ, 100 కిలోలు. మెత్తని ఉక్కుకు, ఇత్తడికి. సి స్కేలులో ఒక్కో అంకె 0.002 మిల్లీమీటర్ల లోతు. 58 వచ్చిందంటే 100లో తగ్గిన 42ను దానితో గుణించండి: గుంట లోతు 0.084 మిల్లీమీటర్లే! అంత సన్నని లెక్కలో తుప్పు పొర, నూనె మరక కూడా అంకెను మార్చేస్తాయి. ముందు ఎమరీ కాగితంతో రుద్ది, శుభ్రంగా తుడవండి. పాత గుంట పక్కనే మళ్లీ నొక్కకండి.

బ్రినెల్ అనే మరో పద్ధతిలో ‘250 హెచ్‌బిడబ్ల్యు 10/3000’ అంటే గట్టిదనం 250, టంగ్‌స్టన్ కార్బైడ్ గోళీ 10 మిల్లీమీటర్లు, భారం 3000 కిలోలు. గుంట పెద్దది కాబట్టి, అంతటా ఒకేలా ఉండని పోత ఇనుముకు నేను దీన్నే అడుగుతాను.

వికర్స్ అనే మూడో పద్ధతిలో ‘640 హెచ్‌వి 30’ అంటే గట్టిదనం 640, భారం 30 కిలోలు. పలచని పొరలకు, తక్కువ భారంతో, ఇదే సరైనది.