ఫైళ్ల సర్దుబాటు, 3వ పాఠం: వెతికితే దొరికే పేరు

పోయిన పాఠంలో ఇల్లు, పొలం, పిల్లల చదువు, బ్యాంకు అని ఫోల్డర్లు చేసుకున్నాం. వాటిలో వేసిన ఫైలు మళ్లీ చేతికి అందాలంటే ఏం చెయ్యాలో ఈసారి చూద్దాం.

ముందు నా నిర్వాకం చెప్తాను. కిందటేడు మా బావగారు గుంటూరులో రిజిస్ట్రేషన్ పని మీద ఉండి ఫోన్ చేశారు. "పేరేచర్ల పొలం ఈసీ నీ దగ్గరే ఉందిగా, కాస్త వాట్సాప్ చెయ్యి." ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ కాగితం. విజయవాడలో మా ఇంట్లో సిస్టమ్ ముందు కూర్చుని ఈసీ అని కొట్టాను. రాలేదు. పొలం అని కొట్టాను. అదీ రాలేదు. ఆయనకు అక్కడ టెన్షన్, నాకు ఇక్కడ చెమటలు. ఒక్కో ఫైలూ తెరుచుకుంటూ పోతే ముప్పావు గంటకు దొరికింది. దాని పేరు స్కాన్0047! స్కానర్ పెట్టిన పేరును అలాగే వదిలేశాను మరి. స్కాన్ చేసిన కాగితం కంప్యూటర్‌కు వట్టి బొమ్మ. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించడం) చేయించకపోతే లోపలి అక్షరాలు సెర్చ్‌కు అందవు, పేరొక్కటే దిక్కు.

ఇప్పుడు దాని పేరు: 2023-06-14 ఈసీ పేరేచర్ల పొలం.

ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు. మన అలవాటులో 14-06-2023 అని రాస్తే, పేర్ల వరసలో 02-11-2019 పక్కనే 03-01-2024 వచ్చి కూర్చుంటుంది, 2023 నాటిది వాటి కిందకు పోతుంది. తేదీలో గీత మాత్రం అడ్డంగానే పెట్టండి. ఏటవాలు గీతను ఫైలు పేరులో విండోస్ ఒప్పుకోదు. పేరు మార్చడానికి ఫైలు మీద ఒకసారి నొక్కి ఎఫ్2 కొడితే చాలు.

అసలు తలనొప్పి స్పెల్లింగ్. పెళ్లి అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే చివర ఐ పెట్టేవాళ్లున్నారు, వై పెట్టేవాళ్లున్నారు. వెంకటేశ్వర్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకు అన్నీ ఒకటే, సెర్చ్‌కు మాత్రం దేనికదే వేరు. ఇంట్లో అందరూ ఒకే స్పెల్లింగ్ వాడేలా ఒప్పందం చేసుకోండి, లేదా తెలుగులోనే పేరు పెట్టండి. విండోస్ భేషుగ్గా తీసుకుంటుంది. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించిన పాత ఫైళ్లు మాత్రం వేరే కథ. అవి యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు. తెర మీద తెలుగే కనిపించినా లోపల దాచింది వేరే అక్షరాలు కాబట్టి తెలుగులో వెతికితే దొరకవు. అలాంటి వాటికి పేరు మరింత జాగ్రత్తగా పెట్టాలి.

మనలో చాలామంది అన్నీ డీ డ్రైవ్‌లో పోస్తాం. విండోస్ మామూలుగా డాక్యుమెంట్స్ వంటి యూజర్ ఫోల్డర్లనే ముందుగా చదివి పెట్టుకుంటుంది. డీ డ్రైవ్‌లో వెతకమంటే నిదానంగా, పేర్లు మాత్రమే చూస్తుంది. స్టార్ట్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ అని కొట్టి, మాడిఫై నొక్కి, మీ ఫోల్డర్‌కు టిక్ పెట్టండి. మొదటిసారి చదవడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా టీ తాగి రండి.

ట్యాగ్‌ల మీద నాకంత మోజు లేదు. ట్యాగ్ అంటే ఫైలుకు తగిలించే గుర్తు మాట. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లోకి వెళ్తే ట్యాగ్స్ గడి ఉంటుంది. జేపీజీ ఫొటోలకు, వర్డ్ ఫైళ్లకు పనిచేస్తుంది, పీడీఎఫ్‌కు మామూలుగా ఆ గడే ఉండదు. పైగా వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ట్యాగ్ రాలిపోతుంది. పెళ్లి ఫొటోల్లో అమ్మమ్మ ఉన్నవన్నీ ఒకచోట చూడాలనుకుంటే మాత్రం దీనికి మించింది లేదు.

వచ్చే పాఠంలోపు డౌన్‌లోడ్స్ తెరిచి, స్కానర్ పేర్లతో ఉన్న పది ఫైళ్లకు పేర్లు మార్చండి. తర్వాత ఇంట్లో ఇంకొకర్ని పిలిచి, అందులో ఒకటి వెతికి ఇమ్మనండి. వాళ్లు ఏ మాట కొట్టి వెతికారో రాసి పెట్టుకోండి, 4వ పాఠంలో దానితోనే పని.